మొన దగ్గర మందం సున్నా

ఉద్యోగం చేసినంత కాలం నేను రెండు పొరల నీటి గురించి ఆలోచించాను. అడుగున ఉప్పునీరు, పైన మంచినీరు. ఈ మాట చెబితే పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చున్నవాళ్లు నన్ను నీటిపారుదల శాఖ మనిషిని అనుకునేవారు. కాదండీ, లెక్కల మాస్టర్ని అనేవాణ్ణి. అక్కడితో వాళ్లకు ఆసక్తి పోయేది, నాకు ప్రశాంతంగా భోజనం సాగేది.

ఇప్పుడు విజయవాడలో ఏలూరు కాలువకు దగ్గరలో ఉంటున్నాను. పరిశోధనకు కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు వస్తారు. ఏ పత్రికకు పంపితే పేరొస్తుంది, ఏ గైడు త్వరగా వదిలిపెడతాడు అని అడుగుతారు. వాటికి నా దగ్గర జవాబుల్లేవు. ఈ పని నిజంగా ఎలా ఉంటుందో మాత్రం చెప్పగలను. పదోన్నతుల సంగతి, కమిటీల సంగతి ఇందులో రాయను. వాటిని తలుచుకుంటే ఇప్పటికీ ఆవులింత వస్తుంది.

నా గురించి ఒక సంగతి ముందే చెప్పాలి. చల్లపల్లి దాటి సముద్రం వైపు వెళితే మాకు ఒక చిన్న ఎస్టేటు ఉండేది. జమీందారీల రద్దు చట్టం వల్ల పోయిందని మా బంధువులు చెప్పుకుంటారు. చట్టం వచ్చేసరికే పోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. మా తాతగారు సముద్రపు అంచున చవిటి నేలకు గట్టు పోయించి మాగాణి చేస్తానని పట్టుబట్టారు. గట్టు పైనుంచి వచ్చే పోటునీటిని ఆపింది. అడుగునుంచి ఊరే ఉప్పును ఆపలేదు. అది ఆగదని దివాణంలో చాలామందికి తెలుసు. గుమాస్తాల దగ్గర్నుంచి మా నాయనమ్మ దాకా ఒక్కరూ ఆ మాట ఆయన ముందు అనలేదు. అందరూ చిత్తం అన్నారు. ఒక్కో చిత్తానికి ఒక్కో చెక్క పొలం పోయింది.

ఆస్తి పోయినా నడుం వంచే అలవాటు మా ఇంటికి రాలేదు. నేను ఏ పరీక్షకుడి గదికీ పళ్ల బుట్ట పట్టుకుని వెళ్లలేదు. నా విద్యార్థులను వెళ్లనివ్వలేదు. దీన్ని గర్వం అన్నవాళ్లున్నారు. కావచ్చు, నేను కాదనలేదు.

పని అంటే ఏమిటి

వేసవిలో కృష్ణలో నీరు తగ్గాక సముద్రం నది అడుగునుంచి లోపలికి వస్తుంది. ఉప్పునీరు బరువు కాబట్టి అడుగునే పాకుతుంది. దాని పైనుంచి మంచినీరు సముద్రానికి పోతూ ఉంటుంది. ఆ అడుగు పొర సముద్రం వైపు మందంగా ఉండి, ఊళ్ల వైపు వచ్చేకొద్దీ పలచబడి, చివరికి మొనదేలి ఆగిపోతుంది. ఆ మొన ఎక్కడుందన్నదే ఊళ్లవాళ్లకు కావలసింది. మొనకు ఇవతల నీళ్లు తాగవచ్చు, అవతల తాగలేము.

నది పొడవుతో పోలిస్తే లోతు చాలా తక్కువ. అందువల్ల ప్రతి నీటి చుక్క వెంటా పడనక్కర్లేదు. ఒక్కో పొర మందం ఎంత, వేగం ఎంత అన్న రెండు సంగతులు తెలిస్తే చాలు. రెండు పొరలకు కలిపి నాలుగు సమీకరణాలు. చూడడానికి ఎంతో సాధువుగా ఉంటాయి. కానీ రెండు పొరలు ఒకదాని మీద ఒకటి మరీ వేగంగా జారాయంటే ఆ సమీకరణాల స్వభావమే మారిపోతుంది. ఇవాళ్టి నీటిని బట్టి రేపటి నీటిని చెప్పే గుణం వాటికి పోతుంది. కంటికి కనిపించనంత చిన్న తేడా మరుక్షణానికి హద్దు లేకుండా పెరుగుతుంది. వేగాల తేడా హద్దులో ఉన్నప్పుడు పరిష్కారం ఉంటుందా, ఒకటే ఉంటుందా, ఎంతకాలం నిలుస్తుంది? ఇవి తేల్చడమే మా పని. నీరు ఎటు పోతుందో మేము చెప్పం. మనం రాసుకున్న సమీకరణాలను నమ్మవచ్చో లేదో చెబుతాం.

ఒకసారి ఒక ఇంజనీరు కంప్యూటర్‌లో గీసిన బొమ్మ తెచ్చాడు. ఉప్పునీటి పొర పట్టుచీర అంచులా నున్నగా ఉంది. లెక్క కోసం నదిని ఎంతెంత గళ్లుగా విడగొట్టారో అడిగి, ఆ గళ్లను సగానికి సగం చేసి మళ్లీ వేయమన్నాను. వారం తర్వాత దిగాలుగా వచ్చాడు. బొమ్మ నిండా రంపపు పళ్లు.

"కంప్యూటర్ మార్చాలేమోనండీ" అన్నాడు.

"కంప్యూటర్ బాగానే ఉందండీ. ఇప్పుడే నిజం చెప్పడం మొదలుపెట్టింది" అన్నాను.

గళ్లు పెద్దవిగా ఉన్నంతసేపు దోషం వాటి చాటున దాక్కుంటుంది. ఈ రంగంలోకి వచ్చేవాళ్లు బొమ్మ నున్నగా ఉంటే ముందు అనుమానించాలి.

శేషాచలం గారి బోర్డు

నాకు ఈ విద్య నేర్పినవారు శేషాచలం గారు. నా గైడు. ఇస్త్రీ లేని తెల్లచొక్కా, భుజాన గుడ్డ సంచి, సంచి నిండా సుద్దముక్కలు. ప్రభుత్వం ఇచ్చే సుద్ద ఆయనకు నచ్చేది కాదు, తనది తనే కొనుక్కునేవారు. నేను చేరిన రోజున మర్యాదకు ఆయన సంచి అందుకోబోయాను. నా చేతిలోంచి వెనక్కి తీసుకున్నారు.

"మీ ఇంట్లో నీ సంచి ఎవరో మోసేవారటగా. ఇక్కడ నాది నేనే మోసుకుంటాను. నీది నువ్వు మోసుకో" అన్నారు.

నాకు చెంపలు వేడెక్కాయి. కానీ ఆ క్షణం నుంచే ఆయన మీద గౌరవం పుట్టింది.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. బోర్డు మీద సిద్ధాంతం రాయబోయే ముందు, ఎడమవైపు పై మూల అది ఎక్కడ చెల్లదో రాయాలి. రాయకుండా మొదలుపెట్టినవాణ్ణి మధ్యలో ఆపి బోర్డు తుడిపించేవారు. చెల్లే చోటు గురించి ఎవడైనా మాట్లాడతాడు, ముందు చెల్లని చోటు చెప్పు అనేవారు. ఆ మూలను ఖాళీగా వదిలే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. ఈ మధ్య పాల ప్యాకెట్లకు చీటీ రాస్తున్నా ఎడమ మూలకు చెయ్యి పోతోంది.

మధ్యాహ్నాలు కాలువ గట్టు మీద టీ కొట్టు దగ్గర నిలబడి మాట్లాడుకునేవాళ్లం. కాలువ కట్టేసిన రోజుల్లో బురద వాసన, తొలినీరు వదిలిన రోజుల్లో పచ్చి వాసన. ఆ వాసనలతో కలిసే నాకు సగం గణితం వచ్చింది. అక్కడే ఒకసారి తాతగారి గట్టు కథ చెప్పాను. ఆయన టీ తాగడం ఆపి విన్నారు.

"ఒక్కరు కూడా చెప్పలేదా?" అన్నారు.

"ఒక్కరూ లేరండీ."

"పాపం" అన్నారు. పొలాల గురించి ఏమీ అడగలేదు.

రెండు పొరల సమీకరణాల మీద ఆయన నిరూపించిన సిద్ధాంతాన్ని ఈ రంగంలో అందరూ వాడుకున్నారు. అడుగు పొర మొనదేలి మందం సున్నా అయ్యే చోట కూడా తన ఫలితం నిలుస్తుందని అందులో రెండు వాక్యాలు రాశారు. అందరితోపాటు నేనూ ఆ రెండు వాక్యాలు చదివి ముందుకు పోయాను.

నాగమణి

చాలా ఏళ్ల తర్వాత, నేనే గైడునయ్యాక, నాగమణి వచ్చింది. నాగాయలంక అవతల సముద్రపు ఊరు. వాళ్ల నాన్న చేపలు పడతాడు, అమ్మ వాటిని అమ్ముతుంది. మొదటి రోజున తన గురించి చెప్పమంటే, "మా నాన్న వలేసి రొయ్యలు పడతాడండీ, నేను ఎప్సిలాన్లు పడతానండీ" అంది. ఎప్సిలాన్ అంటే మా లెక్కల్లో అతి చిన్న రాశికి పెట్టుకున్న పేరు. గదిలో అందరూ నవ్వారు, తను తప్ప.

తనకు పొర మధ్యభాగం మీద ఆసక్తి లేదు. మొన కావాలి. వాళ్ల ఊళ్లో ఎండాకాలం బోరు నీళ్లు ఉప్పెక్కుతాయి. ఆ సంగతి ఒక్కసారి చెప్పింది, మళ్లీ ఎత్తలేదు. పని మాత్రం మొన వదిలి కదల్లేదు.

ఒక మధ్యాహ్నం శేషాచలం గారి పత్రం పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడింది.

"ఇక్కడ నాకేదో అర్థం కావట్లేదండీ" అంది.

మా వైపు పెద్దవాళ్ల మాట తప్పని చెప్పవలసివస్తే ఇలాగే చెబుతారు. అర్థం కావట్లేదంటారు, నేను సరిగా వినలేదేమోనంటారు. అందుకే కుర్చీ చూపించి, ఏది అర్థమైందో చెప్పమన్నాను.

శేషాచలం గారి నిరూపణలో ఒక మెట్టు దగ్గర అడుగు పొర మందంతో భాగిస్తారు. మందం ఎంత తక్కువైనా సరే, సున్నా కానంతవరకు అది సవ్యమే. పరిష్కారం కొంతకాలం నిలుస్తుందని హామీ దొరుకుతుంది. తర్వాత మందాన్ని సున్నాకు తీసుకుపోతే మొనకు కూడా అదే హామీ వస్తుందని ఆయన రెండు వాక్యాల్లో తేల్చేశారు. నాగమణి పట్టుకున్నది ఇది: మందం తగ్గేకొద్దీ ఆ హామీ నిలిచే కాలం కూడా తగ్గుతూ పోతుంది. మొన దగ్గరికి వచ్చేసరికి కాలమే మిగలదు. సిద్ధాంతం నది అంతా చెల్లుతుంది, ఎవరికైనా దానితో అవసరం పడే ఆ ఒక్క చోట తప్ప.

నేను ఆ రాత్రికి నమ్మలేదు. మరి కొన్నాళ్లకు నమ్మక తప్పలేదు.

దాన్ని సరిచేయడానికి తనకు చాలాకాలం పట్టింది. మందంతో భాగించడం మానేసి, మందాన్నే తూకంగా పెట్టి కొలిచింది. పలచగా ఉన్నచోట తక్కువ తూకం, మొన దగ్గర ఏమీ లేదు. మొనతోపాటు కదులుతూ కొలిచింది. అయితే మొన వాలుగా దిగాలి. గోడలా నిలువుగా తెగితే ఈ పద్ధతి పనిచేయదు. అది ముందే ఒప్పుకుని రాసింది. మంచి పని. నా చేతిమీదుగా అంతకన్నా మంచి పని జరగలేదు.

ఒక వాక్యం

థీసిస్ మొదటి అధ్యాయంలో అంతకు ముందు ఎవరెవరు ఏమేం చేశారో రాయాలి. శేషాచలం గారి గురించి నాగమణి ఇలా రాసింది, థీసిస్ ఇంగ్లీషే అయినా అర్థం ఇది: "మందం సున్నా అయ్యే సందర్భం అక్కడ పరిశీలించలేదు."

ఇది సరికాదని చెప్పాను. ఆయన పరిశీలించారు కదా అన్నాను.

"పెద్దాయన కదండీ. మీ గురువుగారు కూడానూ. తప్పని రాయడానికి నాకు చెయ్యి రాదండీ" అంది.

థీసిస్‌లో ప్రతి వాక్యానికీ విద్యార్థే పూచీ. నేను నచ్చజెబుతాను, బలవంతం చేయను. అలాగే వదిలేశాను.

తర్వాత పరీక్షకుడిగా యూనివర్సిటీ ఎవరిని వేసిందో తెలిసింది. శేషాచలం గారినే.

మా విభాగాధిపతి ప్రసాదరావు గారు కంగారుపడ్డారు. మంచివాడు, అందరి పనీ సాఫీగా జరగాలని కోరుకునే మనిషి. పరీక్షకుణ్ణి మార్చమని ఒక మాట వేద్దామన్నారు. ఆయన కంగారుకు కారణం ఉంది. గన్నవరం వైపు ఒక కాలేజీ నాగమణికి ఉద్యోగం ఇస్తానంది. తరగతులు మొదలయ్యేలోగా డిగ్రీ చేతికి రావాలని షరతు పెట్టింది. శేషాచలం గారు థీసిస్‌ను తిప్పి పంపితే ఆ ఉద్యోగం వేరేవాళ్లకు పోతుంది. ఇంటి దగ్గర తమ్ముడి చదువు ఈమె జీతం కోసం ఆగి ఉంది.

నేను ఎవరినీ ఏదీ అడగనని ప్రసాదరావు గారికి తెలుసు. అందుకని నాగమణినే పిలిచి అడిగారు.

"మార్చొద్దండీ. ఆయన చూసి బాగుందంటేనే బాగున్నట్టు. ఇంకెవరు చూసినా నాకు అనుమానం మిగిలిపోద్దండీ" అంది.

పోనీ శేషాచలం గారు దిగే గెస్ట్‌హౌసుకు బత్తాయిలు పట్టుకెళ్లి ఒకసారి కనిపించి రమ్మన్నారు ప్రసాదరావు గారు. నేను నాగమణి వైపు చూశాను. తను అప్పటికే తల అడ్డంగా ఊపుతోంది.

వైవా

శేషాచలం గారు ఒక్కరే ఆటో దిగారు, భుజాన అదే సంచి. బాగా వంగిపోయారు. వైవాలో గైడు వెనక వరుసలో కూర్చోవాలి, నోరు విప్పకూడదు, ఇది మా విభాగం ఆచారం. నా పక్కన నాగమణి నాన్న కూర్చున్నాడు. కొత్త తెల్లచొక్కా మడతలు ఇంకా పోలేదు.

నాగమణి బోర్డు దగ్గరికి వెళ్లి ముందుగా ఎడమ మూల తన ఫలితం చెల్లని చోట్లు రాసింది. పొరల వేగాల తేడా హద్దు దాటితే చెల్లదు. మొన నిలువుగా తెగితే చెల్లదు.

"ఇది ఎవరు నేర్పారమ్మా?" అన్నారు శేషాచలం గారు.

"మా సారండీ."

"ఆయనకెవరు నేర్పారో?"

"మీరేనంటండీ."

గది కాస్త తేలికపడింది. అంతలో ఆయన థీసిస్ తెరిచి, మొదటి అధ్యాయంలో తన పేరున్న వాక్యం చదవమన్నారు. నాగమణి చదివింది.

"అది అబద్ధం" అన్నారు ఆయన. గొంతు పెంచలేదు. "నేను పరిశీలించాను. రెండు వాక్యాలు రాశాను. మందాన్ని సున్నాకు పోనిస్తే ఫలితం నిలుస్తుందని. రాశానా, లేదా?"

"రాశారండీ."

"నిలుస్తుందా?"

నాగమణి సుద్దముక్కను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "నిలవదండీ" అంది.

"చూపించు."

చూపించింది. మందం, హామీ నిలిచే కాలం, రెండూ పక్కపక్కనే తగ్గుతూ బోర్డు చివరికి వచ్చాయి. ఆయన కదలకుండా చూశారు. ప్రసాదరావు గారు తొందరగా లేచి టీ తెప్పించారు. శేషాచలం గారు గ్లాసు పట్టుకుని ఒక్కరే వరండాలోకి వెళ్లి కాలువ వైపు తిరిగి నిలబడ్డారు. ఆ వీపు చూస్తూ నేను రెండు సంగతులకు భయపడ్డాను. ఈ పిల్ల ఉద్యోగం పోతుందేమో. ఇన్నేళ్లుగా నేను దేవుడిలా తలుచుకున్న మనిషి నా కళ్ల ముందే చిన్నవాడైపోతాడేమో.

తిరిగి వచ్చి ఒక మెట్టు మళ్లీ చేయించుకున్నారు. మొన నిలువుగా తెగితే ఏమిటన్నారు. నాగమణి బోర్డు మూల చూపించింది.

"చూశాను. అయినా అడగాలి" అన్నారు.

ప్రసాదరావు గారు నివేదిక కాగితం ముందుకు జరిపారు. శేషాచలం గారు కలానికి మూత పెట్టేశారు.

"ఆ వాక్యం మారిస్తేనే సంతకం."

"చిన్న లోటు ఉందని రాయిస్తానండీ..." అన్నారు ప్రసాదరావు గారు.

"మీరాగండి. ఉండాల్సింది లేకపోతే లోటు. నేను ఉండకూడనిది రాశాను. దాన్నేమంటారో ఈ అమ్మాయి చెప్పాలి."

నాగమణి వెనక్కి తిరిగి నా వైపు చూసింది. ఆచారం ప్రకారం నేను మాట్లాడకూడదు. మాట్లాడవచ్చని ఉన్నా ఆ మాట నేను అనేవాణ్ణి కాను. అది తను అనవలసిన మాట.

పక్కనుంచి వాళ్ల నాన్న నా చెవి దగ్గరికి వంగాడు. "ఏం అనమంటున్నారండీ పెద్దాయన?"

"తప్పనమంటున్నారు."

"ఎవర్ని?"

"ఆయన్నే."

"అనడానికేం? ఇంటికాడ నన్ను రోజూ అంటదిగా" అన్నాడు. మెల్లగా అన్నాననుకున్నాడు. గదంతా వినబడింది. నాగమణి ముఖంలో బిగువు సడలింది.

"తప్పండీ" అంది.

"ఎవరిది?"

"మీదండీ."

శేషాచలం గారు తల ఊపారు. "ఆ అండీ ఉండనివ్వమ్మా, బాగుంది. తప్పును మాత్రం తీసెయ్యకు."

నాగమణి థీసిస్ ప్రతులన్నిటిలోనూ ఆ వాక్యం కొట్టేసి, పక్కన సరైనది రాసింది. కొట్టివేత పక్కన ఆయన పొట్టి సంతకం పెడుతూ వచ్చారు. చివరికి నివేదిక మీద పూర్తి సంతకం చేశారు.

కొత్తగా వచ్చేవారికి

నాగమణి ఇప్పుడు గన్నవరం వైపు పాఠం చెబుతోంది. తన విద్యార్థులు కూడా బోర్డు ఎడమ మూల ముందు నింపుతారని విన్నాను. ఆ సంగతి ఎవరైనా చెప్పినప్పుడు నాకు మా పాత గది, కిటికీలోంచి వచ్చే కాలువ గాలి, సుద్దపొడి, అన్నీ ఒక్కసారిగా గుర్తొస్తాయి. ఆ గదిలో ఇప్పుడు తెల్లబోర్డు పెట్టారు. దాని మీద రాత నాకు నచ్చదు, కానీ అది వేరే సంగతి.

మర్యాద మన ప్రాంతపు సొత్తు. వదులుకోమని నేను చెప్పను. గారు అనండి, అండీ అనండి, లేచి నిలబడండి. కానీ నిరూపణలోకి మర్యాదను రానివ్వకండి. పెద్దవాళ్ల తప్పును మెత్తని మాటలో చుట్టి పెడితే వాళ్లను గౌరవించినట్టు కాదు. వాళ్లకు నిజం తట్టుకునే శక్తి లేదని మీరు తీర్మానించినట్టు. మా ఇంట్లో అదే జరిగింది.

వైవా జరిగిన సాయంత్రం శేషాచలం గారిని రైలెక్కించడానికి స్టేషన్‌కు వెళ్లాను. ప్లాట్‌ఫారం బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. సంచి ఆయన ఒళ్లో ఉంది.

"ఆ రెండు వాక్యాలు ఎంతమంది చదివుంటారంటావు?" అన్నారు.

"చాలామందేనండీ. నేనూ చదివాను."

"అందరూ చిత్తం అన్నారు."

టీ కొట్టు దగ్గర ఎప్పుడో చెప్పిన కథ ఆయన మరిచిపోలేదు.

"మీ తాతగారికి ఒక్కరు కూడా చెప్పలేదన్నావు కదూ."

"లేదండీ."

"నేను అదృష్టవంతుణ్ణి. నాకు ఒకమ్మాయి చెప్పింది."

రైలు వచ్చింది. ఆయన బెంచీ పట్టుకుని నెమ్మదిగా లేచి, సంచి నా చేతికిచ్చారు.